ముందు నడక, తర్వాతే మెదడు

స్కూలు పుస్తకాల్లో చూసిన ఆ బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక చివర వంగి నడిచే కోతి, మరో చివర నిటారుగా మనిషి. మధ్యలో అడుగడుగునా నడుమూ లేస్తుంది, తలా పెరుగుతుంది. రెండూ జంటగా మారాయని మన మనసుల్లో పడిపోయింది. శిలాజాలు చెప్పే కథ వేరు. ఆ కథ బయటపడటానికి ఒక విద్యార్థిని చూపు కారణమైంది కనుక, బడి స్వర్ణోత్సవ సంచికలో చెప్పుకోవడం సబబే.

1924లో దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్‌లో, విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో రేమండ్ డార్ట్ శరీర నిర్మాణశాస్త్రం బోధించేవారు. ఆయన విద్యార్థిని జోసెఫిన్ సాల్మన్స్ తెలిసినవాళ్ళ ఇంట్లో ఒక బాబూన్ కోతి పుర్రె శిలాజం చూసింది. అది టాంగ్ అనే చోట సున్నపురాయి క్వారీలో దొరికినది. దాన్ని తెచ్చి మాస్టారికి చూపించింది. ఆయన ఆసక్తి పుట్టి, అక్కడి రాళ్ళు మరికొన్ని తెప్పించుకున్నారు. పెట్టెలు ఇంటికి చేరే వేళకు మిత్రుడి పెళ్ళికి ముస్తాబవుతున్నారట. అతిథులు వస్తున్నా ఆగలేక పెట్టెలు తెరిచానని ఆయనే రాసుకున్నారు.

ఒక రాయి అచ్చం మెదడు ఆకారంలో ఉంది. పుర్రెలో చేరిన మట్టీ సున్నమూ గట్టిపడి మెదడు అచ్చు అయింది. దానికి అతికే మరో రాయిలో ముఖం ఇరుక్కుని ఉంది. అల్లిక సూదుల్లాంటివాటితో వారాల తరబడి గీకితే, డిసెంబరు చివరికి పాలపళ్ళున్న పసి ముఖం బయటపడింది. వయసు మూడు నాలుగేళ్ళు. మెదడు చూస్తే చింపాంజీ మెదడంత. కానీ వెన్నుపాము దిగే రంధ్రం పుర్రె వెనకవైపు కాక, అడుగున ముందుకు జరిగి ఉంది. అంటే నెత్తిన బిందె నిలిపినట్టు తల వెన్నుమీద నిలిచేది. రెండు కాళ్ళ మీద నడిచే ప్రాణి! 1925 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో డార్ట్ దానికి ఆస్ట్రలోపితికస్ ఆఫ్రికానస్ అని పేరుపెట్టారు.

లండన్ పండితులు ఒప్పుకోలేదు. వాళ్ళ అభ్యంతరాల్లో ఒకటి న్యాయమైనదే: వాలిడు కోతుల పిల్లలు కూడా ముఖంలో కాస్త మనిషిని పోలి ఉంటాయి. అసలు అడ్డు మాత్రం పిల్ట్‌డౌన్. 1912లో ఇంగ్లండులో దొరికిందన్న ఆ ‘ఆదిమానవుడి’కి పెద్ద పుర్రె, కోతి దవడ. ముందు బుద్ధి పెరిగిందన్న నమ్మకానికి, అదీ తమ గడ్డమీదేనన్న గర్వానికి అది చక్కగా సరిపోయింది. 1953లో బండారం బయటపడింది. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జతచేసి, పళ్ళు అరగదీసి, రంగు పూసి ఉంచారు. ఈలోగా రాబర్ట్ బ్రూమ్ అదే దక్షిణాఫ్రికాలో పెద్దవాళ్ళ శిలాజాలు వెలికితీశారు. డార్ట్‌ను గట్టిగా వ్యతిరేకించిన ఆర్థర్ కీత్ 1947లో ఆయనదే ఒప్పని అచ్చులోనే అంగీకరించారు. అంత పెద్దాయన అలా రాయడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత సాక్ష్యాలు వరసకట్టాయి. 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ వయసు 32 లక్షల ఏళ్ళు. చిన్న మెదడే, కానీ తుంటి, మోకాలు నడిచేవాళ్ళవి. టాంజానియాలోని లేటోలిలో, మేరీ లీకీ బృందానికి 1978లో అగ్నిపర్వతపు బూడిదలో అడుగుజాడలే దొరికాయి. 36 లక్షల ఏళ్ళనాటి ఆ పాదాల్లో బొటనవేలు మన వేలులాగే మిగతావాటి పక్కన ఒదిగి ఉంది.

టాంగ్ బిడ్డ కంటి గుంటల్లోని గాట్లను ఇటీవల మళ్ళీ పరిశీలించారు. అవి గద్దజాతి పెద్ద పక్షులు కోతుల పుర్రెల మీద వదిలే గాట్లను పోలి ఉన్నాయి. బహుశా ఆ పసిబిడ్డను అలాంటి పక్షే ఎత్తుకుపోయి ఉంటుంది.