విక్టోరియా కాలపు నాటకరంగ ప్రేమకథ

విక్టోరియా రాణి ఏలుబడి (1837–1901) నాటి ఇంగ్లండు నాటకశాలల నేపథ్యంలో నటీనటుల ప్రేమను, పెళ్ళిని చెప్పే నవలలు, నాటకాలు ఈ కోవలోకి వస్తాయి. పాత్రలు ఎన్ని మారినా చాలా కథల్లో ముడి ఒక్కటే. పెద్దింటి కుర్రాడు నటిని ప్రేమిస్తాడు. పెళ్ళయ్యాక ఆమె వేషం కట్టడం మానాలా?

ఆ ముడి రచయితలు ఊహించి వేసింది కాదు. మాటల నాటకాలు ఆడే హక్కు లండన్‌లో ప్రధానంగా డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ శాలల గుప్పిట్లో ఉండేది. 1843 చట్టం దాన్ని తొలగించాక మిగతా శాలలకూ దారి తెరుచుకుంది. అయినా నటికి సొంత సంపాదన ఉండేది, ఇంటి మర్యాద ఉండేది కాదు. కేట్ టెర్రీ మంచి పేరులో ఉండగానే 1867లో పెళ్ళి చేసుకుని రంగస్థలం విడిచింది. ఆమె చెల్లెలు ఎలెన్ పదహారేళ్ళకే, 1864లో, తనకన్నా దాదాపు ముప్పయ్యేళ్ళు పెద్దవాడైన చిత్రకారుడు వాట్స్‌ను పెళ్ళాడి, ఏడాదిలోపే విడిపోయింది. 1878 నుంచి లైసియం శాలలో హెన్రీ ఇర్వింగ్ సరసన నాయిక ఆమే.

నవలలు ఈ చిక్కును ముందే పట్టుకున్నాయి. థాకరే ‘పెండెన్నిస్’ (1848–50)లో నటి మీద మోజుపడిన కుర్రాణ్ణి చూసి నవ్వాడు. జెరాల్డీన్ జ్యూస్‌బరీకి నవ్వులాట కాదు. ‘ద హాఫ్ సిస్టర్స్’ (1848)లో కష్టపడి బతికే నటి బియాంకా, ఏ పనీ లేక ఇంట్లో కుమిలిపోయే సవతి సోదరి కంటే గట్టి మనిషి. ఇంత ధైర్యంగా రాసిన రచయిత్రి చివరికి బియాంకాకు ఒక ప్రభువుతో పెళ్ళి చేసి రంగస్థలం మాన్పించడం నేటి పాఠకులకు కాస్త నిరాశే. హెన్రీ జేమ్స్ ‘ద ట్రాజిక్ మ్యూజ్’ (1890)లో మిరియమ్ మాత్రం, నటన మానమన్న దౌత్యాధికారిని కాదని తోటి నటుణ్ణి చేసుకుంటుంది.

అదే కాలాన్ని గడిచిపోయిన రోజులుగా తలచుకున్న తొలి ముఖ్య రచనల్లో ఆర్థర్ పినెరో నాటకం ‘ట్రెలానీ ఆఫ్ ద వెల్స్’ (1898) ఒకటి. కథ 1860ల నాటిది. నటి రోజ్ పెళ్ళికి ముందు కాబోయే భర్త ఆర్థర్ తాతగారింట్లో ఉండబోయి, అక్కడి కట్టుబాట్లకు ఊపిరాడక తిరిగొస్తుంది. కానీ పాత ఆర్భాటపు సంభాషణలు ఇప్పుడామె నోట పలకవు. మామూలు మనుషుల్లా మాట్లాడే కొత్త నాటకం రాసిన టామ్ రెంచ్ ఆమెను గట్టెక్కిస్తాడు. ఈ రెంచ్‌కు మూలం నాటకకర్త టి. డబ్ల్యు. రాబర్ట్‌సన్; ఆయన ‘కాస్ట్’ (1867)లోనూ నాట్యకత్తెను పెళ్ళాడేది ఉన్నత కుటుంబీకుడే. పినెరో చమత్కారమేమిటంటే, ఇక్కడ మారేది రోజ్ కాదు, ఆర్థర్. ప్రియురాలి కోసం అతనే నటుడవుతాడు. మండిపడ్డ తాతగారిని మెత్తబరిచేది ఎడ్మండ్ కీన్ నటనను యువకుడిగా ఉన్నప్పుడు చూసిన జ్ఞాపకం.

ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఈ కోవకు మళ్ళీ ఊపు వచ్చింది. క్లెయిర్ టొమాలిన్ 1990లో వెలువరించిన జీవితచరిత్ర, డికెన్స్‌కూ యువనటి ఎలెన్ టెర్నన్‌కూ ఉన్న రహస్య బంధాన్ని విస్తృతంగా చర్చకు తెచ్చింది. 2013లో అది సినిమా అయింది. సారా వాటర్స్ ‘టిప్పింగ్ ద వెల్వెట్’ (1998) మగవేషం కట్టే మ్యూజిక్ హాల్ గాయనికీ, ఆమెను ఆరాధించే అమ్మాయికీ మధ్య ప్రేమను చెప్పింది. ఇద్దరూ స్త్రీలే కాబట్టి పాత పెళ్ళి ముడికి చోటు లేదనిపిస్తుంది. గాయని లోకానికి జడిసి మగవాణ్ణి పెళ్ళాడటంతో అది మరో దారిన తిరిగొస్తుంది. జోసెఫ్ ఓ’కానర్ ‘షాడోప్లే’ (2019)లో ఇర్వింగ్, ఎలెన్ టెర్రీ, ఆ లైసియం లెక్కలు చూసిన మేనేజరు బ్రామ్ స్టోకర్ ముగ్గురూ పాత్రలే.