ఒప్పంద స్వేచ్ఛ: ఉదారవాదంపై విమర్శలు

ఉదారవాద రాజకీయ తత్త్వం వ్యక్తిని స్వతంత్రుడిగా, తన మేలు తానెరిగినవాడిగా భావిస్తుంది. అటువంటి ఇద్దరు ఇష్టపూర్వకంగా కుదుర్చుకున్న ఒప్పందం న్యాయమైనదేనన్న సూత్రం ఆ భావన నుండి పుట్టింది. ఈ సూత్రంపై భారతదేశ నేపథ్యంలో వెలువడిన విమర్శను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1859: సూత్రం, శాసనం

జాన్ స్టూవర్ట్ మిల్ 1823 నుండి 1858 వరకు ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో పనిచేశారు. ఇతరులకు హాని కలిగితే తప్ప వ్యక్తిపై బలప్రయోగం తగదని ‘ఆన్ లిబర్టీ’ (1859)లో ప్రతిపాదించారు. అయితే పిల్లలను, తాము వెనుకబడినవిగా ఎంచిన సమాజాలను ఆ సూత్రం నుండి మినహాయించారు.

అదే సంవత్సరం భారతదేశంలో కార్మికుల ఒప్పంద ఉల్లంఘన చట్టం వచ్చింది. దీనికి మిల్ బాధ్యులు కారు. కానీ ఆయన మినహాయింపు ఆచరణలో ఎలా ఉంటుందో ఇది చూపుతుంది. ముందుగా సొమ్ము తీసుకొని పని మానిన కార్మికుడు మేజిస్ట్రేటు ఉత్తర్వును మీరితే మూడు నెలల వరకు కఠిన కారాగార శిక్ష పడేది. మాట తప్పిన యజమానికి ఆ చట్టంలో అటువంటి శిక్ష లేదు.

స్టీఫెన్, అంబేద్కర్

1869–72 మధ్య వైస్రాయి మండలిలో న్యాయసభ్యులుగా ఉన్న జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1873లో ‘లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రెటర్నిటీ’ గ్రంథంలో మిల్‌ను ఖండించారు. బలప్రయోగం లేకుండా చట్టమూ నీతీ నిలవవన్నది ఆయన వాదం.

అదే మండలిలో కార్మిక సభ్యులుగా ఉన్న డా. బి.ఆర్. అంబేద్కర్ 1943లో ఢిల్లీలోని కార్మిక అధ్యయన శిబిరంలో భిన్నమైన విమర్శ చేశారు. ఒప్పంద స్వేచ్ఛ ఆర్థిక అసమానతను విస్మరించి, బలవంతుడు బలహీనుణ్ణి వంచించేందుకు వీలు కల్పించిందన్నారు. స్టీఫెన్ బలప్రయోగాన్ని అనివార్యమని సమర్థించగా, అంబేద్కర్ ఒప్పందం చాటున దాగిన బలాన్ని బయటపెట్టారు. ఆయన స్వేచ్ఛను నిరాకరించలేదు. దానికి సమానత్వాన్ని షరతు చేశారు.

ముగింపు

రాజ్యాంగం 23వ అధికరణం నిర్బంధ శ్రమను నిషేధించింది. 1982లో ఆసియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఆకలి కారణంగా కనీస వేతనం కన్నా తక్కువకు చేసే పని కూడా నిర్బంధ శ్రమేనని తీర్పునిచ్చింది. కార్మికుని ‘సమ్మతి’ వెనుక ఉన్న పరిస్థితిని న్యాయస్థానం విచారించింది. ఉదారవాద సూత్రం వదిలివేసిన ప్రశ్న అదే.