పంట కాలువలో టర్బైన్ పెట్టి ఇంటికి కరెంటు తీయొచ్చా? మొవ్వ దగ్గర లెక్క ఇదీ

మొవ్వ, కూచిపూడి, పామర్రు వైపు మీ ఇల్లు కాలువ గట్టు పక్కనే ఉందా? చిన్న చక్రం బిగించి కరెంటు బిల్లు తప్పించుకోవచ్చని వీడియోలు చూసి ఆశపడుతున్నారా? డబ్బు పెట్టకముందే ఈ లెక్క వేసుకోండి.

నీటి కరెంటుకు రెండే ఆధారాలు: ఎంత నీరు, ఎంత ఎత్తు నుంచి పడుతోంది. సెకనుకు 10 లీటర్లు 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే అందులో ఉండే శక్తి సుమారు 980 వాట్లు. ఇంట్లో చేసిన యంత్రంతో అందులో సగం చేతికొస్తే గొప్పే. మన్యంలో కొండవాగులకు ఈ లెక్క కుదురుతుంది. డెల్టాలో కుదరదు. ప్రకాశం బ్యారేజీ నిండు నీటిమట్టం 57.05 అడుగులు. అక్కడి నుంచి బందరు దాదాపు 70 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు అడుగు పల్లం కూడా లేదు.

ఎత్తు లేకపోతే ప్రవాహ వేగమే దిక్కు. దాన్ని మీరే కొలవొచ్చు. గట్టు మీద 10 మీటర్లు గుర్తు పెట్టుకుని నిమ్మకాయ వదలండి. 20 సెకన్లు పట్టిందంటే పైనీటి వేగం సెకనుకు అర మీటరు, సగటు వేగం అందులో 85 శాతం. ఆ వేగంలో చదరపు మీటరు వైశాల్యమున్న చక్రానికి అందేది దాదాపు 38 వాట్లు. నష్టాలు పోను మిగిలేది 12 వాట్లు, ఒక ఎల్‌ఈడీ బల్బుకు సరిపోతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, కానీ అంత జోరు మామూలు పంట కాలువలో అరుదు. పైగా వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్లున్నప్పుడేమో గుర్రపుడెక్క చక్రానికి చుట్టుకుంటుంది. దివిసీమలో సముద్రానికి దగ్గరి పాయల్లో ఆటుపోట్లకు ప్రవాహం దిశే మారిపోతుంది.

నీరు ఒక్కసారిగా కిందికి దూకే లాకుల దగ్గర వీలుంటుంది. గోదావరి పశ్చిమ డెల్టాలో చెట్టిపేట దగ్గర ఏపీ జెన్‌కోకు 1 మెగావాట్ మినీ హైడల్ కేంద్రం ఉంది. అయితే అది కాలువను నడిపే ప్రభుత్వ వ్యవస్థలో భాగం. కాలువ, గట్టు జలవనరుల శాఖవి. రాతపూర్వక అనుమతి లేకుండా అడ్డం కడితే చట్టప్రకారం నేరం. దిగువన చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు తగ్గితే గొడవ మీ గుమ్మంలోకే వస్తుంది.

బోరు పైపు దగ్గర టర్బైన్ పెడితే ఎలా ఉంటుందని కొందరి ఆలోచన. ఆ నీటిని పైకి తోసే మోటారు తినే కరెంటు కంటే తిరిగొచ్చేది ఎప్పుడూ తక్కువే.

చదువుకునే పిల్లలు ప్రయోగంగా చేస్తుంటే సైకిల్ డైనమో, 12 వోల్టుల బ్యాటరీ దగ్గరే ఆపండి. కారు ఆల్టర్నేటర్ నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరగాలి, నీటి చక్రం పదో ఇరవయ్యో తిరుగుతుంది. ఇన్వర్టర్ పెట్టి ఇంటి వైరింగులో నేరుగా కలపడం మాత్రం అస్సలు వద్దు. సరఫరా ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ కరెంటు తగులుతుంది.

బిల్లు తగ్గడమే మీకు కావాల్సిందైతే డాబా మీద చూడండి. ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతకైనా గరిష్ఠంగా రూ.78,000 కేంద్రం రాయితీ ఉంది. పథకం జాతీయ పోర్టల్‌లో మీ డిస్కం ఏపీసీపీడీసీఎల్‌ను ఎంచుకుని, కరెంటు బిల్లు మీది సర్వీస్ నంబరుతో దరఖాస్తు చేసుకోవచ్చు. సర్వీసు మీ పేరు మీదే ఉందో లేదో ముందే చూసుకోండి.