ఆన్‌లైన్ అంగడిలో గుంటూరు సన్నం: పేరు మీది హక్కు, కాపలా భారం

గుంటూరు సన్నం మిరపకాయ పేరు ఎవరిదన్న ప్రశ్నకు చట్టంలో స్పష్టమైన జవాబుంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం, అంటే జీఐ చట్టం కింద, చెన్నైలోని రిజిస్ట్రీ 143వ నంబరు దరఖాస్తుపై 2010-11లో ఈ పేరును నమోదు చేసింది. నమోదైన యజమాని కేంద్ర వాణిజ్య శాఖ కింద పనిచేసే సుగంధ ద్రవ్యాల బోర్డు. ఆ పేరు ఇంటర్నెట్ అంగడికి ఎక్కాక దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్న ప్రశ్నకు మాత్రం ఏ ఒక్క చట్టంలోనూ జవాబు దొరకదు. జీఐ చట్టం, ఐటీ చట్టం, ఈ-కామర్స్ నిబంధనలు, డొమైన్ పేర్ల వివాద విధానాలు పక్కపక్కన పెట్టి చదివితే ఒక లోటు కనబడుతుంది. ట్రేడ్‌మార్కును, కాపీరైటును తలుచుకున్న చోట ఈ రాతలు జీఐని మరిచిపోయాయి. ఆ మరపు ఖరీదు ప్రకాశం జిల్లా సింగరాయకొండ వంటి చోట్ల నుంచి సరుకు అమ్మజూపే చిన్న ఉత్పత్తిదారు మీద పడుతోంది.

ముందుగా పేరు హద్దులు తెలియాలి. గుంటూరు మిర్చి యార్డులో సరుకు రకం పేరుతోనే పలుకుతుంది: తేజ, 334, బాడిగ, నంబర్ 5, ఆర్మూర్. తాలు కాయలది వేరే ధర. కొనేవాడు టిక్కీ, అంటే కాయల బస్తా, విప్పించి, గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, రంగు, ఎండు, తొడిమ చూసి ధర చెబుతాడు. ప్రకాశం జిల్లా మిరప కూడా చాలావరకు ఈ యార్డుకే చేరుతుంది. జీఐ నమోదైంది ‘గుంటూరు సన్నం’ అన్న పేరుకు. వ్యాపారంలో ఎస్4గా గుర్తించే ఈ కాయ తోలు దళసరి, ఘాటు సుమారు 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు. అంతకంటే ఘాటైన తేజ ఈ రకం కాదు. ఆన్‌లైన్‌కు వచ్చేసరికి ఈ రకాలన్నీ కలిసి ‘గుంటూరు మిర్చి’ అయిపోతాయి. పొడి పట్టాక కంటితో చూసి ఏ కాయో చెప్పడం యార్డులో తలపండినవాళ్లకైనా సాధ్యం కాదు.

అలాంటి అమ్మకపు పేజీ ఒకటి తెరిచి చూస్తే పైన కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల ఫొటో, దాని కింద ‘గుంటూరు కారం, అర కిలో’ అన్న పేరు, ధర, కొన్నవాళ్లు ఇచ్చిన నక్షత్రాలు ఉంటాయి. బాగా కిందికి జరిపితే ప్యాక్ చేసినవారి చిరునామా, ఆహార భద్రతా లైసెన్సు నంబరు, ‘మూల దేశం: భారత్’ అన్న మాట కనిపిస్తాయి. కాయ ఏ జిల్లాలో పండిందో, ఏ రకమో సాధారణంగా ఉండదు, ఉండి తీరాలని నిబంధనలు అడగనూ అడగవు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు అమ్మకందారును మూల దేశం చెప్పమంటాయి. జీఐకి ప్రాణం ప్రాంతం. పేజీలో తప్పనిసరి అయింది దేశం. నకిలీ సరుకు ఈ రెంటి మధ్య నుంచే సులువుగా జారుకుంటుంది.

జీఐ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, సరుకు వేరే ప్రాంతంలో పుట్టిందనే భావన కలిగేలా నమోదైన పేరును వాడడం ఉల్లంఘన. అదే సెక్షన్ నాలుగో ఉపవిభాగం అసలు సరుకును సక్రమంగా కొని తిరిగి అమ్మేవారికి రక్షణ ఇస్తుంది. ఇది న్యాయమైన ఏర్పాటే. రైతు దగ్గరో, అధీకృత వ్యాపారి దగ్గరో కొని అమ్ముకునే కిరాణా కొట్టును ఎవరూ తప్పుపట్టకూడదు. అయితే ఆన్‌లైన్ అమ్మకందారు కూడా ఇదే జవాబు చెబుతాడు. అతను కొన్నది అసలు సరుకేనా అన్నది తేల్చాలంటే కాగితాలు కావాలి, పరీక్షలు కావాలి, ముందుగా ఆ పేజీని పట్టుకునే మనిషి కావాలి. ‘సన్నం’ అన్న మాట వదిలేసి ఉత్త ‘గుంటూరు’ అని రాసినవారిని ఈ సెక్షన్ కిందికి తేవడం మరింత కష్టం.

అమ్మకపు వేదిక బాధ్యత ఎంత అన్నది 2000 నాటి ఐటీ చట్టం 79వ సెక్షన్ మీద ఆధారపడి ఉంది. ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తి సంస్థ, కొన్ని షరతులకు లోబడి, బాధ్యురాలు కాదు. కోర్టు ఆదేశమో ప్రభుత్వ ఉత్తర్వో అందినప్పుడే ఆ సంస్థకు ఉల్లంఘన తెలిసినట్టు లెక్క అని సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో ఈ సెక్షన్‌ను వ్యాఖ్యానించింది. ఆ తీర్పు వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడింది, అందులో సందేహం లేదు. అదే కొలతను కారం పొట్లానికీ పట్టిస్తే హక్కుదారు ప్రతి పేజీకీ కోర్టుకెక్కాల్సి వస్తుంది. సరుకు అసలుదని హామీ ఇవ్వడం, ప్యాకింగు చూసుకోవడం వంటి పనుల్లో చురుగ్గా పాల్గొనే వేదికకు ఈ రక్షణ దక్కకపోవచ్చని ఢిల్లీ హైకోర్టు 2018 నవంబరులో క్రిస్టియన్ లూబుటాన్ కేసులో చెప్పింది. 2020 జనవరిలో అదే కోర్టు ధర్మాసనం, అమెజాన్-ఆమ్వే వివాదంలో, చురుకు, నిష్క్రియ అన్న తేడా 79వ సెక్షన్‌లోనే లేదంది. 2023లో ప్రకటనల కీలకపదాలపై వచ్చిన గూగుల్ కేసులో మరో ధర్మాసనం ఆ సంస్థను చురుకైన భాగస్వామిగానే చూసింది. ఇవన్నీ ట్రేడ్‌మార్కుల చుట్టూ, పెద్ద సంస్థల మధ్య నడిచిన వివాదాలు.

జీఐ తప్పిపోయిన మొదటి చోటు ఐటీ చట్టంలోనే ఉంది. 81వ సెక్షన్ కింది మినహాయింపు, కాపీరైటు చట్టం, పేటెంటు చట్టం ఇచ్చే హక్కులకు ఈ చట్టం అడ్డురాదని చెబుతుంది. జీఐ ప్రస్తావన లేదు. రెండోది ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. కాపీరైటు, ట్రేడ్‌మార్కు, ఐటీ చట్టాల కింద తొలగించిన సరుకును పదేపదే అమ్మకానికి పెట్టేవారి వివరాలు గుర్తుపెట్టుకునేందుకు వేదికలు తగిన ప్రయత్నం చేయాలని ఐదో నిబంధన అంటుంది. నకిలీ బ్రాండు బూట్లు రెండుసార్లు అమ్మినవాడు ఆ జాబితాకెక్కుతాడు. నకిలీ గుంటూరు సన్నాన్ని పదిసార్లు అమ్మినవాడు జీఐ చట్టం పేరుమీద ఆ జాబితాకెక్కడు. ఈ వాక్యంలో మరొక్క చట్టం పేరు చేర్చడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, కేంద్రం నోటిఫికేషన్ చాలు.

మూడో చోటు డొమైన్ పేర్లు. ఈ విషయంలో తెలుగు నేలతో ముడిపడిన కేసే దేశానికి దారి చూపింది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరాలు కూర్చి ‘సిఫీ’ అన్న మాట పుట్టించి 1999లో డొమైన్ పేర్లు నమోదు చేసుకుంది. మరో సంస్థ 2001లో ఇంగ్లీషులో ఒక్క ‘ఎఫ్’ అదనంగా చేర్చి దాదాపు అదే పేరు తీసుకుంది. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు ఇచ్చిన నిషేధాన్ని కర్ణాటక హైకోర్టు తోసిపుచ్చగా, 2004 మేలో సుప్రీంకోర్టులో జస్టిస్ రుమా పాల్, జస్టిస్ పి. వెంకటరామరెడ్డిల ధర్మాసనం దాన్ని పునరుద్ధరించింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, వ్యాపారానికి గుర్తు కూడా, కాబట్టి ట్రేడ్‌మార్కుకున్న రక్షణే దానికీ వర్తిస్తుందన్నది తీర్పు సారం.

ఆ కేసులో తేడా ఒక్క అక్షరం. తిరుమలలో 2023లో బయటపడిన నకిలీ వెబ్‌సైటులో, చివరి భాగం తప్పిస్తే, అదీ లేదు. దేవస్థానం చిరునామాలో చుక్కలున్న చోట అడ్డగీతలు పెట్టి, చివర ‘డాట్ ఇన్’ బదులు ‘డాట్ ఆర్గ్’ తగిలించారు. ఫోన్ తెరమీద తొందరలో చూసే భక్తుడికి రెండూ ఒకటే. దేవస్థానానికి ఐటీ విభాగం ఉంది, పోలీసు కేసు పెట్టించే యంత్రాంగం ఉంది. 2009లో జీఐ పొందిన తిరుపతి లడ్డూ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవారికి 2025లో నోటీసులు పంపించగలిగింది కూడా. లడ్డూ తయారుచేసేదీ, పేరు యజమానీ అక్కడ ఒక్కరే. మిరప విషయంలో పేరు కొచ్చిలోని బోర్డుది, కాయ రైతుది.

ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ వారి, 1999 నుంచి అమల్లో ఉన్న డొమైన్ వివాద విధానం ట్రేడ్‌మార్కు, సర్వీసుమార్కు హక్కుదారులకే తలుపు తెరిచింది. జీఐలను కూడా చేర్చాలా అని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ పరిశీలించి, 2001 నివేదికలో అప్పటికి మార్పు అక్కర్లేదని చెప్పింది. దేశాల మధ్య జీఐ చట్టాలు ఒక తీరుగా లేకపోవడం అందుకు ముఖ్య కారణం. ప్రాంతాల పేర్లకు డొమైన్ లోకంలో బలం తక్కువే: అమెజాన్ నది పరీవాహక దేశాలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పినా ‘డాట్ అమెజాన్’ చివరికి కంపెనీకే దక్కింది. భారత్‌లో ‘డాట్ ఇన్’ వివాదాలకు 2005లో చేసిన విధానం కొంత మేలు: ట్రేడ్‌మార్కుతోపాటు ‘పేరు’ను కూడా ప్రస్తావిస్తుంది. తెలుగు లిపిలో ‘.భారత్’ చిరునామాలూ ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగుతో పాటు తెలుగు అక్షరాల మీదా నిఘా ఉండాలి.

ఉన్న చట్టంలోనే వాడుకోని సాధనం ఒకటుంది. జీఐ నమోదైన సరుకును పండించేవారెవరైనా అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. 2020 సవరణలో ఇందుకు రుసుము 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గింది. అలా నమోదైన వ్యక్తి ఉల్లంఘనపై తానే దావా వేయవచ్చు. 66వ సెక్షన్ ప్రకారం తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చు. అంటే, నమోదైన ప్రాంత పరిధిలో గుంటూరు సన్నం పండించే సింగరాయకొండ రైతు ఢిల్లీ వెళ్లనక్కర్లేదు, 30 కిలోమీటర్ల దూరంలోని ఒంగోలు చాలు. వివాదం విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే 2015 చట్టం కింద వాణిజ్య న్యాయస్థానానికి పోతుంది. ఒంటరి రైతు ఈ పని చేయగలడని ఆశించడం అన్యాయం. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సభ్యులందరినీ నమోదు చేయించి, బోర్డుతో కలిసి నోటీసులు ఇస్తేనే ఈ హక్కు ఆచరణలోకి వస్తుంది. జీఐ పేరు వాడే ప్రతి పేజీలో అధీకృత వినియోగదారు నమోదు సంఖ్య అడగడం వేదికలకూ పెద్ద పని కాదు. ఆహార లైసెన్సు నంబరు ఇప్పటికే అడుగుతున్నాయి.

దేశం దాటితే ఈ రక్షణ తనంతట తాను వెంట రాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం 23వ అధికరణం ‘తరహా’, ‘శైలి’ వంటి మాటలు తగిలించి వాడడాన్ని కూడా నిషేధించింది కానీ, అది వైన్లకూ, స్పిరిట్లకూ మాత్రమే. మిరప వంటి సరుకులకు 22వ అధికరణమే దిక్కు. కొనేవారు తప్పుదారి పట్టారని చూపాలి. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం ఆన్‌లైన్‌లో ‘గుంటూరు స్టైల్’ కారం తెప్పించుకుంటే చెన్నై నమోదు అక్కడ చెల్లదు. భారత టీ బోర్డు డార్జీలింగ్ పేరును అమెరికాలో ధ్రువీకరణ మార్కుగా నమోదు చేయించుకుంది. గుంటూరు సన్నానికైనా ఏ దేశానికాదేశంలో అలా రాయించుకోవడమే దారి, ఆ దరఖాస్తు పెట్టాల్సింది నమోదైన యజమాని అయిన బోర్డు.