ముందు చిక్కం, తర్వాత గడియ

విదేశంలో స్థిరపడిన కుటుంబం పెంపుడు కుక్కతో సహా కర్ణాటకలో బీదర్ దగ్గరున్న కమఠాణకు తిరిగి రావాలనుకుంటే, శంషాబాద్ విమానాశ్రయంలో ముందుగా కాగితాలు చూపాలి. కేంద్ర పశు క్వారంటైన్ విభాగం అనుమతి, బయలుదేరిన దేశంలోని పశువైద్యుడి ధ్రువపత్రం, కనీసం నెల ముందు వేయించిన రేబిస్ టీకా వివరాలు ఉండాలి. అన్నీ సరిపోయి, జబ్బు లక్షణాలు లేకపోతే కుక్క ఇంటికి వస్తుంది. తేడా వస్తే క్వారంటైన్‌లో ఆగుతుంది. మన వీధుల్లోనే రేబిస్ ఉండగా, టీకాలన్నీ పడిన విదేశీ కుక్క మీద ఈ కాపలా ఎందుకని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

క్వారంటైన్ అన్న మాట వెనిస్‌ది. ప్లేగు భయంతో ఓడలను నలభై రోజులు ఆపినందుకు వచ్చిన పేరు. అంతకు ముందే, 1377లో, రగూసా రేవు ముప్పై రోజుల గడువు పెట్టింది. కుక్కల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. రేబిస్ వారాలు, నెలల తరబడి ఒంట్లో దాగి ఉంటుంది కాబట్టి బ్రిటన్ 1901లో ఆరు నెలల గడువు విధించింది. మరుసటి ఏడాదికి అక్కడ రేబిస్ అంతరించింది. రెండు తేదీలు పక్కపక్కనే ఉండటంతో క్వారంటైనే రోగాన్ని తరిమిందని అనిపిస్తుంది. నిజానికి ఆ పని అప్పటికే చాలావరకు జరిగిపోయింది. 1897 నుంచి కుక్కల మూతికి చిక్కం కట్టాలని గట్టిగా అమలు చేశారు, దిక్కులేని కుక్కలను ఏరివేశారు. యజమానులు ఎంత గొడవ చేసినా మంత్రి వాల్టర్ లాంగ్ వెనక్కి తగ్గలేదు. ఆ ఏరివేత క్రూరమైనది. టీకా ఉన్న ఈ రోజుల్లో మనకు దాని అవసరమే లేదు. కానీ వరస గమనించాలి: ముందు ఇల్లు శుభ్రమైంది, తర్వాత గడియ పడింది. ఆ గడియ వృథా కాదని కూడా 1918లో తేలింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు దొంగచాటుగా తెచ్చిన కుక్కలతో రేబిస్ మళ్లీ వచ్చింది, 1922 దాకా వదల్లేదు.

మన చట్టం దారి వేరు. 1898 నాటి పశు దిగుమతి చట్టం గుర్రాలు, ఆవులు, ఒంటెలు, గొర్రెలను పేరుపెట్టి చెప్పింది. కుక్క ఊసు లేదు. ప్రభుత్వం పేర్కొనే ఇతర జంతువులన్న వాక్యం మాత్రం తలుపు తెరిచి ఉంచింది. అంటే దాని గురి ఒక్క రేబిస్ కాదు, బయటి నుంచి వచ్చే ఏ అంటురోగమైనా. ఇక్కడ ఒక రోగం ఉంది కదా అని ఇక్కడ లేని రోగాలకు దారి విడవలేం. కాబట్టి శంషాబాద్ తనిఖీ ఉండాల్సిందే. అయితే రేబిస్‌కు అది మందు కాదు.

ఆ సంగతి మన కుక్క విదేశం వెళ్లేటప్పుడు తెలుస్తుంది. 2000లో బ్రిటన్ ఆరు నెలల నిర్బంధానికి బదులు టీకా, మైక్రోచిప్, రక్తపరీక్షల పద్ధతి మొదలుపెట్టింది. మన దేశం నుంచి వెళ్లే కుక్క మాత్రం రక్తపరీక్షలో నెగ్గాక కూడా, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలు మన వీధుల మీద ప్రపంచానికున్న అపనమ్మకం. ఇన్ని వీధికుక్కలకు టీకాలు అయ్యే పనేనా అంటారేమో. కర్ణాటక పొరుగునే గోవా ఉంది. ఏటా ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేశాక అక్కడ కుక్కల్లో రేబిస్ బాగా తగ్గింది. 2021లో రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకుంది. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే రోగం గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కమఠాణకు దగ్గర్లోనే, బీదర్ నందినగర్‌లో, రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఆ డెబ్బై లెక్క ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే మొదలుపెట్టవచ్చు.