అణువును తూచిన తుంపర

2010లో మనదేశపు ద్రాక్ష యూరపు చేరిన తరువాత పెద్ద చిక్కు వచ్చిపడింది. తీగ ఏపు తగ్గించే క్లోర్‌మెక్వాట్ మందు పండులో మిగిలివున్నదని అక్కడి పరీక్షశాలలు తేల్చినవి. సరుకు నిలిచిపోయింది. అప్పట్లో వారి హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాము, అంటే 20 టన్నుల పండులో ఒక్క గ్రాము! “మేము కొట్టింది తీగకు గదా, పండుకు కాదే” అనవచ్చు. కాని యీ మందును మొక్క లోపలికి పీల్చుకుంటుంది.

ఇంత కొంచెం ఎట్లా దొరికింది? అణువును తక్కెట్లో వేయలేము. దానికి విద్యుత్తు అంటించి పరుగెత్తిస్తే, అయస్కాంతం దగ్గర తేలికది ఎక్కువ వంగుతుంది, బరువుది తక్కువ. ఈ కిటుకుతోనే కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ 1913 నాటికి నియాన్ వాయువులో 20, 22 అని రెండు బరువులున్నట్లు చూపాడు. ఆ దారిన పుట్టినదే మాస్ స్పెక్ట్రోమీటరు.

కష్టమంతా విద్యుత్తు అంటించడంలోనే వున్నది. పాత పద్ధతిలో ఆవిరిని ఎలక్ట్రానులతో కొడతారు. కందికట్టెను బాదినట్లు అణువు ముక్కలవుతుంది. ముక్కలను బట్టి పేరు చెప్పవచ్చును, డి.డి.టి. వంటివాటికి నేటికీ అదే వాడుక. 1966లో అమెరికాలో మన్సన్, ఫీల్డు మీథేను వాయువును మధ్యన పెట్టి దెబ్బ తగ్గించారు. అయినా ఆవిరి కావలసిందే. క్లోర్‌మెక్వాట్ ఉప్పు జాతిది. కాస్తే చెడుతుందిగాని ఆవిరి కాదు.

1984లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫెన్ బృందం ద్రవాన్నే సన్నని సూదిగుండా, హెచ్చు వోల్టేజి పెట్టి, తుంపరగా చిమ్మించింది. మన స్ప్రేయరుకు తమ్ముడే అనుకోండి! బొట్టు ఆరేకొద్దీ అణువు చెక్కుచెదరక విద్యుత్తుతో సహా బయటపడుతుంది. ఫెన్‌కు 2002లో నోబెల్ బహుమానం వచ్చింది. క్లోర్‌మెక్వాట్‌కైతే విద్యుత్తు కొత్తగా అంటించనే అక్కరలేదు, నీటిలో కరగగానే వుంటుంది. అందుకే ఆవిరి పరీక్షకు చిక్కని మందు తుంపరకు ఇట్టే చిక్కింది.