చేతి నుంచి చేతికి: నైజీరియా వంట నేర్చిన దారి

నైజర్, బెన్యూ నదులు నైజీరియాను మూడు భాగాలుగా చీలుస్తాయి. నైరుతిన యొరుబాలు, ఆగ్నేయాన ఇగ్బోలు, ఉత్తరాన హౌసాలు, ఫులానీలు. క్రాస్ నది సముద్రంలో కలిసే చోట ఎఫిక్, ఇబిబియో జనం. వీరితో పాటు చిన్నా పెద్దా కలిపి రెండు వందలకు పైగా జాతులు. ఉత్తర, దక్షిణ ప్రాంతాలను బ్రిటిష్ వాళ్లు 1914లో ఒక్క పాలన కిందికి తెచ్చేదాకా వీళ్లందరిదీ ఒక్క దేశం కాదు. కాబట్టి నైజీరియా వంట అనే మాట వయసు వందేళ్లకు కాస్త ఎక్కువ. ఆ మాట కింద చేరిన వంటల్లో చాలావాటి వయసు దానికి ఎన్నో రెట్లు. వాటికి రాత లేదు, తూకం లేదు. తల్లి పక్కన కూర్చున్న కూతురు, అత్త పక్కన నిలబడిన కోడలు, బజారులో అమ్మే మనిషికి సాయపడే పిల్ల, వీళ్ల చేతుల్లో అవి నిలిచాయి. ఇలా అందుతూ వచ్చిన దానిలో దినుసుల జాబితా కన్నా పనితనం పాలే ఎక్కువ. గింజను ఎలా పులియబెట్టాలి, దుంపలో విషం ఎలా విరవాలి, ముద్ద గడ్డలు కట్టకుండా ఎలా దంచాలి అన్నదే అసలు చదువు.

దక్షిణాదిన ఈ చదువు పెండలంతో మొదలవుతుంది. అక్కడి తెల్ల పెండలం నైజర్ నది పరీవాహక ప్రాంతంలోనే అడవి తీగ నుంచి సాగులోకి వచ్చిందని 2019లో వెలువడిన జన్యు పరిశోధన చెబుతోంది. ప్రపంచంలో పండే పెండలంలో మూడింట రెండు వంతులు ఇప్పటికీ నైజీరియాదే. ఇగ్బో ఊళ్లలో కొత్త పెండలం ఇంటికి వచ్చినా, పెద్దలు దేవతలకూ పితరులకూ నైవేద్యం పెట్టి మొదటి ముక్క తినేదాకా మిగతావాళ్లు ముట్టరు. ఈ పండుగే ఇరి జి. చినువా అచెబె 1958లో వెలువరించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవలలో పెండలం మగవాడి పంట. చేమ, చిక్కుడు, కర్రపెండలం ఆడవాళ్ల పంటలు. పొలంలో పెత్తనం ఎవరిదైనా, దుంప వంటింటి గడప దాటాక దాని సంగతి ఆడవాళ్లదే.

దంచిన పెండలాన్ని యొరుబాలు ఇయాన్ అంటారు. ముక్కలు మెత్తగా ఉడికీ ఉడకగానే, పొగలు కక్కుతుండగానే, పెద్ద కర్ర రోట్లో వేయాలి. ఆరితే దుంప బిరుసెక్కుతుంది, ఎంత దంచినా గడ్డలు పోవు. మొదట రోకలితో నలిపి, తర్వాత ఎత్తి దంచుతారు. ఇద్దరుంటే ఒకరి పోటు తర్వాత ఒకరిది, లయ తప్పకుండా. ముద్ద సాగడం మొదలయ్యాక ఉడికించిన వేడినీళ్లే కొద్దికొద్దిగా చిలకరిస్తారు. పలచబడితే పని చెడినట్టే. వేలితో తీస్తే విడివడి వచ్చేంత మెత్తగా, పళ్లెంలో గుండ్రంగా నిలబడేంత గట్టిగా ఉండాలి. అన్ని దుంపలూ దీనికి పనికిరావు. నీటి పెండలం రోట్లో జారిపోతుంది. దాన్ని ఇజెబు ప్రాంతం వాళ్లు తురిమి ఇకొకొరె అనే చిక్కటి కూరగా వండుతారు. ఏ దుంప దేనికి తగినదో చూపుతోనే చెప్పగలిగిన పిల్ల సగం వంట నేర్చినట్టే.

రుచినిచ్చే దినుసులో పనితనం ఇంకా సూక్ష్మం. యొరుబాలు ఇరు అని, హౌసాలు దదవ అని పిలిచే దినుసు, పార్కియా జాతి చెట్టు కాయల్లోని నల్ల గింజల నుంచి వస్తుంది. ఆ గింజ రాయిలా ఉంటుంది. గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా ఉడికించి, తొక్క వదిలేదాకా తొక్కి, కడిగి, మళ్లీ ఉడికించి, ఆకులు పరిచిన బుట్టలో వెచ్చగా మూతపెట్టి రెండు మూడు రోజులు ఉంచాలి. గింజలు జిగురు పట్టి, ముక్కుపుటాలదిరే వాసన లేస్తే పులిసినట్టు లెక్క. ఆ పని చేసేవి బాసిల్లస్ జాతి సూక్ష్మజీవులని శాస్త్రవేత్తలు తర్వాత గుర్తించారు. ఎప్పుడు ఆపాలో ఆడవాళ్లకు వాసనే చెప్పింది. మాంసం దొరకని ఇంట్లో కూరకు మాంసం కమ్మదనం ఇచ్చింది ఈ గింజే. ఎగూసి అనే పుచ్చజాతి గింజల పొడి, చిక్కటి జిగురునిచ్చే ఒగ్బొనో పలుకులు, ఎండు రొయ్యలు, ఎర్రటి పామాయిల్, వీటన్నిటి సరసనా ఇది చేరుతుంది. ఆ ఎర్ర నూనెనిచ్చే ఆయిల్ పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాయే. ఇవాళ పశ్చిమ గోదావరి, ఖమ్మం తోటల్లో పెరుగుతున్నదీ అదే చెట్టు. ఇక్కడ నూనె రంగూ వాసనా పోయేలా శుద్ధవుతుంది, అక్కడ ఆ రంగూ వాసనే వంటకు ప్రాణం.

ఉత్తరాది వంట ఎండ నేలది. జొన్న, సజ్జ, వరి పిండితో చేసే తువో ముద్ద సంకటి తినే రాయలసీమ వాళ్లకు కొత్తగా అనిపించదు. దానికి తోడు ఎండబెట్టి పొడిచేసిన బావోబాబ్ ఆకుతో మియన్ కూకా పులుసు. సజ్జ ఉండల్ని పెరుగులో చిదిపి తాగే ఫురా ద నోనోను సొరబుర్రల్లో పెట్టుకుని నెత్తిన మోస్తూ ఊరూరా అమ్మేది ఫులానీ స్త్రీలు. గోంగూర కూడా అక్కడిదే: దాని ఆకును హౌసాలు యాకువా పేరుతో పులుసుల్లో వేస్తారు, ఎర్రటి కాయల పొరల్ని మరిగించి జోబో పానీయం చేస్తారు. ఈ ప్రాంతంలో ఒక వంట మాత్రం మగవాళ్లది. పుల్లకు గుచ్చి నిప్పుల పక్కన కాల్చే సూయా మాంసం కసాయి కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన వృత్తి. నూనె తీసిన వేరుశనగ చెక్కకు అల్లం, మిరప కలిపి దంచిన యాజి పొడిలో పాళ్లు ఒక్కో కుటుంబానికి ఒక్కో రకం, బయటి వాళ్లకు చెప్పరు.

మిరప, టమాటా, మొక్కజొన్న, వేరుశనగ, కర్రపెండలం అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. నైజీరియా వంట చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు కర్రపెండలం. పదహారో శతాబ్దం నుంచి పోర్చుగీసు ఓడలు దాన్ని ఆఫ్రికా తీరానికి చేర్చాయి. దుంప వచ్చినంత తొందరగా దాన్ని తినే తెలివి రాలేదు. దానిలోని పదార్థం సయనైడ్‌గా మారి ప్రాణం మీదికి తెస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రెజిల్‌లో బానిసత్వం నుంచి బయటపడి లాగోస్ తీరానికి తిరిగొచ్చిన కుటుంబాలు అక్కడి వడపోత, వేపుడు పద్ధతుల్ని వెంట తెచ్చాయి, గారి వాడకం విస్తరించడంలో వాళ్ల చెయ్యి పెద్దది. దుంప చెక్కు తీసి, తురిమి, గోనె సంచుల్లో కట్టి, బరువు కింద రెండు మూడు రోజులు నొక్కి పెడతారు. విషపు నీరు కారిపోతుంది, తురుము పులుస్తుంది. ఆ పైన జల్లెడ పట్టి, వెడల్పాటి పెనంలో చెమ్మ లేకుండా పోయేదాకా వేయిస్తారు. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి చెయ్యి క్షణం ఆగకూడదు. ఆగితే అడుగు మాడుతుంది, పైన ఉండకడుతుంది. వేయించేటప్పుడు పామాయిల్ చుక్క వేస్తే పసుపు గారి, లేకపోతే తెల్ల గారి. మరిగే నీళ్లలో పోసి తిప్పితే ఎబా ముద్ద; చన్నీళ్లు, చక్కెర, వేరుశనగపప్పు కలిపితే విద్యార్థి భోజనం.

నెలల తరబడి పాడవని ఈ తిండి పట్టణాన్ని నిలబెట్టింది. అందుకే దాని ధర రాజకీయమైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లాగోస్‌లో వలస ప్రభుత్వం గారికి ధర కట్టి, తానే అమ్మకానికి దిగింది. అలిమోటు పెలెవురా నాయకత్వంలో బజారు స్త్రీలు ఎదురు తిరిగారు. 1945లో ఆ నియంత్రణ తొలగిపోయింది. వంటింట్లో పుట్టిన నేర్పు బజారులో బలంగా మారిన ఈ ఘట్టాన్ని నైజీరియా చరిత్ర పుస్తకాలు ఇంకా విపులంగా చెప్పవలసి ఉంది.

సముద్రం దాటి వెళ్లిన వంటల్లో అకరా కథ వేరు. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లి, మిరపతో నున్నగా రుబ్బి, గాలి పట్టేదాకా గిలకొట్టి, గరిటెతో నూనెలో జారవిడిస్తారు. ఉప్పు ముందే వేస్తే పిండి కుంగుతుందని, వేయించే ముందే కలపమని పెద్దవాళ్లు చెబుతారు. బొబ్బర్లు ఆఫ్రికాలో సాగులోకి వచ్చి వేల ఏళ్ల కిందటే భారతదేశం చేరిన పప్పు. తెలుగు ఇళ్ల బొబ్బర్ల వడకూ దీనికీ గింజ ఒక్కటే, పద్ధతి వేరు: ఇక్కడ కచ్చాపచ్చాగా రుబ్బి అరచేతిలో తట్టుతారు, అక్కడ నురగలా గిలకొడతారు. పండు ముసలివాళ్లు పోయినప్పుడు యొరుబా ఇళ్లలో అకరా వేయించి ఊరంతా పంచే ఆచారం ఉంది. బానిసలుగా బ్రెజిల్‌లోని బాయియాకు చేరిన యొరుబా స్త్రీలు దాన్ని అక్కడ అకరజె పేరుతో వీధుల్లో అమ్మారు. ఆ సంపాదనతో కొందరు తమ స్వేచ్ఛను కొనుక్కున్నారు. ఓయా దేవతకు అది నైవేద్యం కూడా. తెల్లబట్టల్లో కూర్చుని అకరజె అమ్మే స్త్రీల వృత్తిని బ్రెజిల్ 2005లో జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. సంకెళ్లతో ఓడెక్కిన వాళ్ల దగ్గర సామాను ఏముంటుంది? పిండి ఎంతసేపు గిలకొట్టాలో తెలిసిన చెయ్యి ఒక్కటే వాళ్లతో వెళ్లింది.

నేర్పడానికి ప్రత్యేకమైన ఏర్పాటు ఎఫిక్‌లలో కనిపిస్తుంది. కలబార్ ప్రాంతంలో పెళ్లికి ముందు ఆడపిల్లను ఒక గదిలో కొన్ని వారాల నుంచి నెలల దాకా ఉంచేవారు. మంచి తిండి పెట్టి ఒళ్లు చేయించడంతో పాటు వంట, ఇల్లు దిద్దుకోవడం, నాట్యం, నడవడిక పెద్ద స్త్రీలు నేర్పేవారు. మ్బోపో అనే ఈ ఆచారం ఇప్పుడు బాగా తగ్గింది. అది పిల్ల స్వేచ్ఛను కట్టడి చేసిన మాట నిజం. కలబార్ వంటకు దేశమంతటా ఉన్న పేరు వెనుక ఆ గదుల్లో సాగిన శిక్షణ ఉన్న మాట కూడా నిజమే. గుమ్మడి జాతి ఉగు ఆకును, నీటి ఆకును కలిపి, చుక్క నీరు పోయకుండా ఆకుల్లోని తడితోనే ఎడికాంగ్ ఇకాంగ్ వండటం అలాంటి శిక్షణ ఫలమే. నీటి ఆకు ముందు, ఉగు తర్వాత. క్రమం మారితే ఒకటి పచ్చిగా, ఒకటి ముద్దగా మిగులుతుంది.

మిషనరీ బడులు వచ్చాక వంట పాఠంగా మారింది. గృహవిజ్ఞానం పేరుతో ఆడపిల్లలు కేకులు, పుడ్డింగులు, బట్టల ఇస్త్రీ నేర్చుకున్నారు; అమ్మ వంట పాఠానికి తగదన్న భావం ఆ తరగతి గదుల్లో పాతుకుంది. దానికి ఎదురీదిన ప్రయత్నం ఇబాదాన్‌లో జరిగింది. 1899లో మొదలైన కుడెటి బాలికల బడి పేరుతో 'ద కుడెటి బుక్ ఆఫ్ యొరుబా కుకరీ' 1934లో లాగోస్‌లో అచ్చయింది. యొరుబా వంటల్ని పాళ్లతో, పద్ధతితో కాగితం మీద పెట్టిన తొలినాటి పుస్తకాల్లో అది ఒకటి. ఇలాంటి పుస్తకానికి మొదటి చిక్కు కొలతే. దక్షిణాదిన బియ్యం, బొబ్బర్లు డెరికాలతో అమ్ముతారు. అది ఒకప్పటి టమాటా గుజ్జు డబ్బా. నైరుతిలో కాంగో గిన్నె, ఉత్తరాన ముదు గిన్నె. అచ్చులోని ఔన్సులు ఈ డబ్బాల ముందు నిలవలేదు. ఇప్పటికీ నైజీరియా స్త్రీలు చాలామంది వంట చెప్పేటప్పుడు ఈ డబ్బాల లెక్కే చెబుతారు.

తూర్పు ప్రాంతం బియాఫ్రా పేరుతో విడిపోవడంతో 1967 నుంచి 1970 దాకా సాగిన యుద్ధం అక్కడి వంటిళ్లను ఖాళీ చేసింది. మాంసకృత్తులు లేక పిల్లలు పొట్టలుబ్బి చనిపోయారు. సహాయ విమానాలు మోసుకొచ్చిన వాటిలో నార్వే నుంచి వచ్చిన ఎండు కాడ్ చేప ఉంది. ఆ చేప యుద్ధానికి ముందే వర్తకంలో ఉన్నా, యుద్ధం దాని వాడకాన్ని ఇంకా పెంచింది. ఒక్పొరొకో పేరుతో ఇగ్బో పులుసుల్లో ఈనాటికీ అది పెళ్లి వంటకు గౌరవం తెచ్చే దినుసు. కరువునాటి తిండి విందు తిండి కావడం వెనుక బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకం ఉంది.

యుద్ధం ముగిశాక చమురు డబ్బు వచ్చింది. 1970లలో విదేశీ బియ్యం ఓడల మీద దిగింది. అంతకుముందు క్రిస్మస్‌కో పెళ్లికో వండిన అన్నం రోజువారీ తిండయింది. నవలాకారిణి ఫ్లోరా న్వాపా 1986లో కర్రపెండలాన్నీ బియ్యాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఒక కవితా సంపుటి వెలువరించడానికి కారణం ఈ మార్పే. సెనెగల్ ప్రాంతపు వొలోఫ్‌ల నుంచి వచ్చిన జొలోఫ్ అన్నం నైజీరియాలో ఇంటింటి వంట అయింది. ఎర్ర కాప్సికం, టమాటా, ఉల్లి, మిరప రుబ్బిన ముద్దను నూనె తేలేదాకా వేయించి, ఉప్పుడు బియ్యం వేసి సన్నసెగ మీద మగ్గిస్తారు. అందులోని కర్రీ పౌడర్ బ్రిటిష్ వలస వర్తకం దారిన వచ్చినది. విందుల్లో ఇది అలాసెల పని. అలాసె అంటే కిరాయికి వండే స్త్రీ. కట్టెల పొయ్యి మీద పెద్ద పెద్ద డేగిసాల్లో వండే ఆమె అన్నానికి అడుగంటిన పొగ వాసన రావాలి, అది లేని జొలోఫ్‌ను విందు జొలోఫ్ అనరు. ఆమె దగ్గర ఉల్లి తరగడంతో చేరిన పిల్ల కొన్నేళ్లకు సొంత డేగిసా ఎత్తుతుంది. వంటవాళ్ల బడి ఇదే.

ఇప్పటి వంటింట్లో రోలు బదులు మిక్సీ, ఇరు బదులు మాగీ బిళ్ల, ఆవిరి మీద ఉడికించే బొబ్బర్ల పిండి వంట మోయిన్ మోయిన్ చుట్టే వెడల్పాటి ఆకుల బదులు అల్యూమినియం రేకు చేరాయి. ఆకు ఇచ్చే వాసన రేకు ఇవ్వదు, ఈ విషయం వండేవాళ్లకూ తెలుసు. లండన్, హ్యూస్టన్‌లలో స్థిరపడ్డ కుటుంబాలు ఇయాన్ బదులు పెండలం పిండినో బంగాళాదుంప పొడినో వేడినీళ్లలో తిప్పుతాయి; పిల్లలు అమ్మమ్మను ఫోన్‌లో చూస్తూ నేర్చుకుంటారు. హైదరాబాద్‌కు చదువుకోడానికి వచ్చే నైజీరియా యువతకు బెండ, బొబ్బర్లు, గోంగూర, కర్రపెండలం ఇక్కడి బజారులోనే దొరుకుతాయి. బొంబాయి రవ్వను ముద్దగా తిప్పుకోవచ్చు. ఇరు, ఒగ్బొనో, ఎండు కాడ్ మాత్రం ఇంటి నుంచి పెట్టెలో రావలసిందే.